గుండీలు ఎవరు పెట్టిండ్రని అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిన సంగతి నాకు చెప్పింది ఆమె చుట్టాలు కాదు, దవాఖాన వాళ్లూ కాదు. కంపెనీ తరఫు వకీలు చెప్పాడు. నిజామాబాద్‌లో కార్మిక శాఖ ఆఫీసు వరండాలో, పొద్దున పదకొండు గంటలకు, ఒక కాగితం నా చేతిలో పెడుతూ, "మీ డాక్టర్ గారు పోయారట కదా, పాపం" అన్నాడు. ఆ కాగితం ఒక దరఖాస్తు. సాక్షి చనిపోయింది, ఆమెను మేము క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేదు, కాబట్టి ఆమె ఇచ్చిన సర్టిఫికెట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు అని అందులో ఉంది.

ముందురోజు సాయంత్రం గుండె ఆగి పోయిందామె. తెల్లారేసరికి దరఖాస్తు టైపయింది, సంతకమయింది, నకళ్లు కూడా తయారయ్యాయి. మనిషికి ఇంకా దహనం కాలేదు. నోటితో పాపం అంటూ చేత్తో దరఖాస్తు ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతూనే ఉంది. స్మృతి వ్యాసం కోపంతో రాయకూడదంటారు. కానీ నేను గుర్తు చేసుకుంటున్న మనిషి ఏ పనైనా కోపంతోనే చేసేది, చక్కగా చేసేది.

నేను నిజామాబాద్‌లో వకీలుని. పనిలో దెబ్బతిన్న కార్మికుల నష్టపరిహారం కేసులు చేస్తాను. మా చట్టంలో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే ఇంత, మోచేతి కింద చెయ్యి పోతే ఇంత, కన్ను పోతే ఇంత అని మనిషిని ముక్కలుగా విడదీసి రాసి పెట్టారు. మనసు ఆ పట్టికలో లేదు. అందులో లేని దెబ్బ తగిలితే, ఈ మనిషి ఇక ఏ మాత్రం పని చేసుకొని బతకగలడో డాక్టరు పరీక్ష చేసి రాసివ్వాలి. రాసిచ్చి ఊరుకుంటే సరిపోదు, వచ్చి, కేసు తేల్చే కార్మిక శాఖ ఆఫీసరు ముందు నిలబడి అవతలివాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అక్కడికి వచ్చేసరికి చాలామంది డాక్టర్లు మొహం చాటేస్తారు. మాకెందుకండీ ఈ కోర్టు గొడవలు అంటారు. డాక్టరమ్మ ఒక్క కేసులోనూ చాటేయలేదు.

ఆమె నిజామాబాద్‌లోనే ఒక దవాఖానలో మానసిక రోగాల డాక్టరు. పుట్టింది బోధన్ దగ్గర పల్లెలో. తండ్రి చెరకు బండి తోలినవాడు. అందుకే ఫ్యాక్టరీ మనుషులు ఆమెకు ఏదీ విడమరచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆమె గదికి ఒకటే కిటికీ, దాని అవతల సైకిల్ స్టాండు. టేబుల్‌కు పెన్నును కట్టుగుడ్డ పేలికతో కట్టేసి ఉంచేది. పెన్ను అడిగి తీసుకున్నవాళ్లు ఎవరూ తిరిగి ఇవ్వరని ఆమెకు గట్టి నమ్మకం, అందులో డాక్టర్లే మొదటివాళ్లని ఇంకా గట్టి నమ్మకం. చాయ్ సాసరులో పోసుకొని తాగేది. రోగులను పిలిచే ముందు తలుపు సందులోంచి బెంచీ మీద కూర్చున్నవాళ్లను కాసేపు చూసేది. లోపలికి వచ్చినాక ఎట్లాగూ అందరూ బుద్ధిగా కూర్చుంటారు, అసలు సంగతి బయట బెంచీ మీదనే ఉంటదని అనేది.

ఇంకో అలవాటు ఉండేది, దానికే అందరూ నవ్వేవాళ్లు. రోగి కాగితానికి ముందువైపు పద్ధతి ప్రకారం ఇంగ్లిషులో రాసేది. వెనకవైపు తెలుగులో రాసేది. రోగి, రోగి ఇంటివాళ్లు ఏ మాట అంటే ఆ మాటే, తేదీ వేసి, కింద సంతకం పెట్టి. మేడం నవల రాస్తోందని చిన్న డాక్టర్లు వెక్కిరించేవాళ్లు. ఒకరోజు నేను కూడా నవ్వితే నా మీద ఇంతెత్తున లేచింది. "నిద్ర పడ్తలేదు అని ఇంగ్లీషుల రాస్తె ఒక్క ముక్కల అయిపోతది వకీలు సాబ్. ఆమె గంట సేపు చెప్పింది. ఆ గంట ఏడ వోవాలె?" అంది.

నాకు ఆమెతో నిజంగా పరిచయమైంది సాయిలు కేసులో.

సాయిలుది రెంజల్ దిక్కు ఒక ఊరు. ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకును మిల్లులోకి మోసుకుపోయే గొలుసు పట్టా దగ్గర పని చేసేవాడు. ఒకనాడు చెరకు అడ్డం పడి పట్టా ఆగింది. జోడీగా పనిచేసే మనిషి లోపలికి వంగి ఆ చెరకును లాగుతుండగా, ఎవరూ చూసుకోకుండా మిషన్ మళ్లీ నడిపారు. సాయిలు అతని చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో ఎవరికీ తెలియదు. మిషన్ ఆగేసరికి సాయిలు ఇంకా ఆ చెయ్యి వదలలేదు. మనిషి మాత్రం అప్పటికే లేడు.

పోయినవాడి కేసు తెగింది. సాయిలుకు మాత్రం ఏమీ కాలేదన్నారు. ఒంటి మీద గీత లేదు, రెండు రోజులు పండుకొని డ్యూటీకి రమ్మన్నారు. మూడో రోజు గేటు దాకా పోయాడు, సైరన్ మోగింది, వెనక్కి తిరిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత పని అన్నది లేదు. భార్య గంగామణి బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఎట్లా ఉన్నావని ఎవరు అడిగినా సాయిలు బాగున్న అనేవాడు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. నేను కేసు వేశాక, కంపెనీ వాళ్లు అడిగితే సాయిలును ఒక వైద్యుల బోర్డు ముందుకు పంపారు. పెద్ద డాక్టర్లు చూస్తారు, మంచిగా తయారు చేసి తీసుకురమ్మని గంగామణికి చెప్పింది నేనే. మా దిక్కు పద్ధతి అది. ఎంతటి కష్టంలో ఉన్నా పెద్దమనుషుల ముందుకు చింపిరి జుట్టుతో పోము. గంగామణి పొద్దున్నే నీళ్లు పోసింది, మంగలిని ఇంటికి పిలిపించింది, తలకు నూనె పెట్టింది, పక్కింట్లో ఇస్త్రీ చేయించిన తెల్ల అంగీ తొడిగింది. డాక్టర్లు ముగ్గురు కూర్చున్నారు. ఎట్లా ఉన్నావంటే మీ దయ, బాగున్న సారూ అన్నాడు. నిద్ర పడుతుందా అంటే పడుతుందన్నాడు. పని చేస్తావా అంటే చేస్తానన్నాడు. పెద్దమనిషి అడిగితే చెయ్యను అనడం మావాళ్లకు చేతకాదు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నేను, మావాడు మర్యాదగా మాట్లాడాడని సంబరపడ్డాను కూడా.

పది నిమిషాల్లో రాసిచ్చారు. బట్టలు శుభ్రంగా ఉన్నాయి, తల దువ్వుకున్నాడు, అడిగినదానికి సరిగ్గా జవాబిచ్చాడు, తన పనులు తాను చేసుకోగలడు, లోపం ఏమీ లేదు. ముగ్గురి సంతకాలు, ఒక ముద్ర. అదే కాగితం కేసులో మా మెడకు చుట్టుకుంది.

దాన్ని పట్టుకొని సాయిలును, గంగామణిని డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. ఆమె చదివింది. మళ్లీ చదివింది. ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. సాయిలును ఏమీ అడగలేదు. గంగామణి వైపు తిరిగింది.

"చెల్లె, ఆ దినం అంగీ గుండీలు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే మేడం."

నీళ్లు ఎవరు పోశారని అడిగింది. గంగామణే. గడ్డం గీస్తుంటే ఎవరు పట్టుకున్నారు. గంగామణి వాళ్ల అన్న. అన్నం ఎవరు కలుపుతారు. గంగామణే కలిపి, ముద్ద చేతికిస్తే తింటాడు, లేకుంటే పళ్లెం ముందు అట్లనే కూర్చుంటాడు. ఒక్కో జవాబు రాసుకుంటూ పోయి, ఆఖరికి పెన్ను కింద పెట్టి నన్ను చూసింది.

"వకీలు సాబ్, గా బోర్డు పరీక్ష చేసింది సాయిలును కాదు, గంగామణిని. ఆమె పాసయింది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు వకాలత్ చేసి, చేతులారా సాక్ష్యాన్ని కడిగి ఇస్త్రీ చేయించి అవతలివాళ్లకు అప్పగించాను. ఆమె నన్ను వదిలిపెట్టలేదు. బాగున్న అంటే మర్యాద ఉన్నదని, జబ్బు లేదని ఎవడు చెప్పిండని అరిచింది. ఆ బోర్డులో కూర్చున్న ముగ్గురూ ఈ జిల్లా అన్నం తిన్నవాళ్లే, ఈ జిల్లాలో బాగున్న అనే మాటకు అర్థం తెలియనట్టు ఎట్లా రాశారని అరిచింది. వరండాలోని బెంచీ మొత్తం ఇటు తిరిగి చూసింది.

వచ్చే నెల నీళ్లు పోయకుండా, గుండీలు పెట్టకుండా, అతను ఎట్లా ఉంటే అట్లా తీసుకురమ్మంది. గంగామణి అంతవరకు ఏడవలేదు, ఆ మాటకు ఏడ్చింది. "నలుగురు ఏమంటరు మేడం? పెనిమిటిని గిట్ల బజార్ల తిప్పుతుంది, దీనికి సిగ్గు లేదా అనరా?" అంది. డాక్టరమ్మ గొంతు తగ్గించింది. అంటారని ఒప్పుకుంది. అన్నవాళ్లను తన దగ్గరకు పంపమంది.

నెల తర్వాత గంగామణి అట్లాగే తీసుకొచ్చింది. పెరిగిన గడ్డం, విప్పిన అంగీ, రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు. బస్సులో పక్క సీటువాళ్లు లేచి పోయారట. నిజం చెప్పడానికి మా చట్టం ఒక ఆడమనిషి మానాన్ని ఫీజుగా అడుగుతుందని నాకు ఆరోజు తెలిసింది. గదిలోకి రాగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. గంగామణి కూర్చున్నాకే తాను కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి నెలా చూసింది. ఒక్క రోజు చూసి మనిషిని కొలవడానికి మనిషేమన్నా బట్టల తానా అనేది. ఒకసారి గంగామణి కాగితాలు అందిస్తుంటే ముంజేతి మీద నల్లటి కమిలిన మచ్చలు కనిపించాయి. బీడీల చాట ఒరుసుకుందని గంగామణి చెప్పింది. డాక్టరమ్మ తన వేళ్లు ఆ మచ్చల మీద పెట్టి చూసింది. ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఒకటి. సాయిలును చాయ్ తాగి రమ్మని సిస్టర్‌తో బయటకు పంపింది.

అప్పుడు గంగామణి చెప్పింది. సైరన్ వినపడితే సాయిలు దగ్గర ఏది ఉంటే అది పట్టుకుంటాడు. మంచం కోడు ఉంటే కోడు, గుంజ ఉంటే గుంజ, గంగామణి ఉంటే ఆమె చెయ్యి. ఒక్కొక్క వేలూ విడదీస్తే తప్ప వదలడు. తర్వాత అతనికి ఏదీ గుర్తుండదు. గుర్తుండొద్దనే ఆమె కోరిక. "ఆయనకు తెల్వనియ్యకుండ్రి మేడం. తెలిస్తె బతుకడు" అంది. డాక్టరమ్మ ఆ మాట కూడా వెనకవైపు రాసుకుంది.

మళ్లీ చెరకు సీజన్ మొదలైనప్పుడు తానే ఊరికి వస్తానంది. డాక్టరు రోగి ఇంటికి పోవాలని ఏ రూలూ లేదని నేను గుర్తు చేశాను. పోవద్దని కూడా లేదంది. బోధన్ దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో పోయాం. చెరకు ట్రాక్టర్ల వెనక ఆటో నత్తనడక నడిచింది. ఊరు చేరేసరికి మొలాసిస్ మడ్డి వాసన గాలంతా పట్టేసింది. సాయిలు ముక్కుకు తువ్వాల కట్టుకొని మంచంలో కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, బాగున్న మేడం అన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు సైరన్‌కు ఇంకా పావుగంట ఉంది. డాక్టరమ్మ గంగామణిని చాయ్ పెట్టమని లోపలికి పంపించి, ఆమె కూర్చునే చోట తాను కూర్చుంది. సాయిలుతో తన తండ్రి బండి ఎడ్ల సంగతి మాట్లాడుతోంది. సైరన్ మోగింది. సాయిలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

నేను చూశాను కనుక రాస్తున్నాను. అతను కొట్టలేదు, గుంజలేదు, అరవలేదు. రెండు చేతులతో పట్టుకొని, కాళ్లు నేలకు తన్ని, ఒళ్లంతా వెనక్కి వంచి ఆపుతున్నాడు. ఎవరినో పోకుండా ఆపుతున్నాడు. సైరన్ ఆగింది, అతను ఆగలేదు. ఆమె మొహం నొప్పికి తెల్లబడిపోయింది. నేను విడిపించబోతే తల అడ్డంగా ఊపింది. "నేను ఈడనే ఉన్న తమ్మీ. యాడికి పోను" అని మాత్రం మెల్లగా అంటూ కూర్చుంది. ఆఖరికి గంగామణి వచ్చి వేళ్లు విడదీసింది. కాసేపటికి సాయిలు మామూలు గొంతుతో, మేడంకు ఇంకా చాయ్ ఇయ్యలేదా అని భార్యను కోప్పడ్డాడు. డాక్టరమ్మ చేతి గడియారం విప్పి సంచిలో వేసుకొని, చాయ్ తాగింది.

తిరుగు ఆటోలో ఆ మణికట్టు నా ముందు పెట్టింది. ఉబ్బి, నల్లగా కమిలింది. "ఇది నీ పట్టికల ఏడున్నదో చూపియ్యి" అంది. సాయిలుకు మాత్రం ఎన్నడూ చెప్పొద్దని మాట తీసుకుంది. మర్నాడు సర్టిఫికెట్ రాసింది.

సాక్ష్యం కోసం నాలుగు వాయిదాలకు వచ్చిందామె. నాలుగు సార్లూ కార్మిక శాఖ ఆఫీసు బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఒకసారి కంపెనీ వకీలుకు జ్వరం. ఒకసారి వేరే కోర్టులో పని. ఒకసారి ఫైలు తేలేదు. ఒకసారి ఏ కారణమూ చెప్పలేదు. నాలుగోసారి మెట్లు దిగుతూ ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆయాసంగా ఉందా మేడం అంటే, కోపంగా ఉందంది. ఐదో వాయిదాకు ఆమె లేదు. క్రాస్ చేయలేదని దరఖాస్తులో రాసుకున్నారు కదా, ఎందుకు చేయలేదో ఒక్క ముక్క రాయలేదు. ఆ మెట్ల మీద ఆమె తీసిన ఆయాసం ఎవరి ఖాతా?

దరఖాస్తు మీద వాదనల రోజున దవాఖాన సిస్టర్ సాయిలు కాగితాల కట్ట మోసుకొచ్చింది. డాక్టరమ్మ పక్కన ఏళ్లుగా పనిచేసిన మనిషి. ఇది మేడం రాతే, నా కళ్ల ముందే రాసింది అని చెప్పి, ఒక్కో కాగితం వెనక్కి తిప్పి చూపించింది. చనిపోయిన మనిషి తన ఉద్యోగంలో భాగంగా రాసిపెట్టింది సాక్ష్యంగా చెల్లుతుందని చట్టంలో ఉంది. నేను అదే చెప్పాను. ఆమె చనిపోయిందని రుజువు చేసే పని కూడా నాకు లేకుండా పోయింది, అవతలివాళ్లే రాసిచ్చారు కదా అన్నాను. కంపెనీ వకీలు తల వంచుకొని కాగితాలు సర్దుకున్నాడు.

ఆఫీసరు సైరన్ రోజు కాగితం తీసి పైకి చదివాడు. నవల అని నవ్విన ఆ వెనకవైపే. "నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు హాని చేయాలని లేదు. ఒకరిని చావకుండా ఆపాలని ఉంది. ఆ పని అతనికి ఇంకా ముగియలేదు. ఆ పనిలో ఉన్న మనిషికి ఇంకో పని చెప్పలేము." చదవడం అయ్యాక ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మళ్లీ కట్టలో పెట్టాడు. తర్వాత దరఖాస్తు కొట్టేశాడు. కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. సాయిలుకు తగిలింది పనిలో తగిలిన దెబ్బేనని, అతను ఇక పని చేయలేడని, బోర్డు రాసింది చెల్లదని. కంపెనీ పైకోర్టుకు పోతుందట. పోనీ. నేనూ వస్తాను, ఆ కట్టా వస్తుంది. పట్టికలో మాత్రం మనసు ఈ రోజుకీ లేదు.

కానీ నాకు మిగిలింది ఆ తీర్పు కాదు. దరఖాస్తు కొట్టేసిన రోజు సాయిలును లోపలికి రానివ్వలేదు, బయట మెట్ల మీద కూర్చోబెట్టాం. డాక్టరమ్మ పోయిన సంగతి గంగామణి అతనికి అప్పటిదాకా చెప్పలేదు. నేను బయటకు రాగానే, ఇయ్యాల మేడం రాలేదా సారూ అని అడిగాడు. అబద్ధం ఎన్నాళ్లు ఆడతాం. పోయింది తమ్మీ అన్నాను. అతను రోడ్డు మీద పోయే ఆటోల వైపు తిరిగాడు. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"మేడం మా ఇంటికి వచ్చిన దినం, చేతి గడియారం తీసి సంచుల ఏసుకున్నది. దానికంటె ముందుగాల ఏమైందో నాకు యాదికి లేదు. నేను ఆమెను ఏమన్న జేసిన్నా సారూ?"

ఆ కమిలిన చెయ్యే నా కేసు మొత్తం. అరగంట కింద అదే చేతిని ఆఫీసరు ముందు నిలబడి రికార్డులోకి ఎక్కించి వచ్చినవాణ్ని.

"ఏం జెయ్యలే సాయిలూ. చాయ్ తాగినం, వచ్చినం" అన్నాను.

అతను నమ్మాలో వద్దో తేల్చుకోలేక భార్య వైపు తిరిగాడు. గంగామణి అవునన్నట్టు తలూపింది. ఊపుతూనే కొంగు లాగి ముంజేతి మీద కప్పుకుంది.